పచ్చడి సీసాలోని సాలీడు

మొన్న మా ఇంటికి కొత్త వాష్‌బేసిన్ వచ్చింది. చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ ఎండు వరిగడ్డి కూరి పంపారు. ఇప్పుడందరూ థర్మాకోల్ వాడుతుంటే ఈ షాపువాళ్ళు ఇంకా గడ్డి వాడుతున్నారేమిటా అనుకుంటూ, ఆ గడ్డిని రెండు చేతులా పైకి తీశానో లేదో, కొంచెం తేమ, కొంచెం దుమ్ము, కొంచెం పశువుల పాక కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి చేతులు ఆగిపోయాయి. అప్పుడే గడ్డిలోంచి బూడిదరంగు సాలీడొకటి నేలమీదికి దూకి, గోడవారగా పరుగెత్తి, ఫ్రిజ్ కిందికి దూరింది. ప్లంబర్ చెప్పు తీశాడు. "వద్దు బాబూ, దాని మానాన దాన్ని ఉండనివ్వు" అన్నాను. అతను బేసిన్ బిగించి వెళ్ళిపోయాక మాత్రం ఆ పూటంతా నేను కుదురుగా కూర్చోలేకపోయాను. టార్చి వేసి ఫ్రిజ్ కింద చూశాను, సోఫా జరిపాను, వంటింట్లోంచి హాల్లోకీ హాల్లోంచి వంటింట్లోకీ తిరిగాను. అది మనిషిని ఏమీ చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసే తిరిగాను.

నాన్న హైస్కూల్లో హిందీ మాస్టారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆయనకి నాగాయలంక దాటాక, దివిసీమలో బస్సు వెనక్కి తిరిగే ఊరికి బదిలీ అయింది. బస్సు పంచాయతీ ఆఫీసు ముందు ఒక చుట్టు తిరిగి, ఎక్కేవాళ్ళని ఎక్కించుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయేది. ఆ తర్వాతవన్నీ పొలాలు, పొలాల తర్వాత ఉప్పు పేరిన నేల, మడ అడవి, ఆపైన సముద్రం. తొంభైల చివరి సంవత్సరాలవి. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలిన రోజున ఊరంతా తడిమట్టి వాసన కొట్టేది. అక్టోబరుకి వరి పొట్టమీదికొచ్చి గట్లమీద నడుస్తుంటే మోకాళ్ళకి మంచు తడి తగిలేది. కోతలకి ముందే నిలువు చేలో మినుములు చల్లేవారు. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే ఉప్పుగాలికి తలుపుల గడియలు తుప్పుపట్టి, తియ్యబోతే ఎర్రటి పొడి అరచేతికి అంటేది. ఆ పొడిని నేను నుదుట బొట్టుగా పెట్టుకుని, అమ్మ చేత మొట్టికాయలు తినేదాన్ని.

నేను ఒకచోట నిలిచే పిల్లని కాదు. అన్నం కంచం పట్టుకుని వీధిలో సగం, పెరట్లో సగం తినేదాన్ని. తొక్కుడుబిళ్ళ ఆడుతూ మధ్యలో వదిలేసి ఉయ్యాల ఎక్కేదాన్ని, ఉయ్యాల ఊపు అందుకోకముందే దిగిపోయేదాన్ని. "దీని కాళ్ళకి చక్రాలున్నాయి" అని అమ్మ విసుక్కునేది. నన్ను కూచోబెట్టగలిగిన మనుషులు ఇద్దరే ఉండేవారు. ఒకరు నాంచారమ్మత్త, రెండోవారు మా రామం మావయ్య.

నాంచారమ్మత్త మాకు చుట్టం కాదు. మేం అద్దెకున్న పెంకుటింట్లో పక్క వాటా ఆవిడది. వీధివైపు అరుగుమీద సాయంత్రంపూట పొయ్యి వెలిగించి పుణుకులు వేసి అమ్మేది. పులిసిన పిండిలో ఉల్లిపాయ ముక్కలూ జీలకర్రా పడగానే వచ్చే ఘాటు, మరిగే నూనెలోకి ఆవిడ వేళ్ళ సందుల్లోంచి పిండి టపటపా జారే తీరు, చిల్లుల గరిటెతో తిప్పుతుంటే పుణుకులు తేలి మునిగి బంగారు రంగుకి తిరగడం, పక్కన గిన్నెలో అల్లం పచ్చడి... స్కూలు వదిలాక నేను ఆ అరుగు చివర కూచుని కాళ్ళు ఊపుతుండేదాన్ని. విరిగినవీ మాడినవీ నా వాటా. ఆవిడకి అప్పటికి ముప్పై అయిదు దాటి ఉంటాయి. భర్త చేపల వేటకెళ్ళి జబ్బుపడి పోయాడు, పిల్లలు లేరు. పదిహేనేళ్ళ వయసులో ఉప్పెన ఆవిడ అమ్మానాన్నల్నీ ఇద్దరు తమ్ముళ్ళనీ తీసుకుపోయింది. ఆ రోజు గడియ వేసిన తలుపు నీళ్ళ బరువుకి తెరుచుకోలేదట. అందుకని ఆవిడ తలుపు వేసిన గదిలో ఏనాడూ పడుకోలేదు. వానాకాలమైనా, చలికాలమైనా ఆ అరుగుమీదే చాపేసుకుని పడుకునేది. మంచం వేసుకోమని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పినా, "మంచమైతే అరుగంతా ఆక్రమిస్తుంది మాస్టారమ్మా, పొద్దున్నే ఎవరు ఎత్తుతారు?" అని నవ్వేసేది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. సొంతూరు గుడివాడ. బందరులో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాడు. సన్నగా పొడుగ్గా ఉండి, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు నడిచేవాడు. నెలకో రెండు నెలలకో శనివారం మొదటి బస్సుకి దిగేవాడు, చేతిలో స్వీట్ల పొట్లం ఒకటి, భుజానికి సంచి ఒకటి. ఆ సంచిలో మూతలు బిగించిన చిన్న సీసాలు, స్పిరిట్ వాసన వేసే దూది, ఒక భూతద్దం, చిన్న పెయింటు బ్రష్షు ఉండేవి. ఆయన రీసెర్చి నేల సాలీళ్ళమీద. గూడు అల్లి మధ్యలో కూచునే సాలీళ్ళు కాదు. రాళ్ళ కిందా, రాలిన ఆకుల కిందా, గడ్డివాముల అడుగునా పగలు దాక్కుని, చీకటిపడ్డాక నేలమీద పరుగులు తీస్తూ వేటాడేవి.

"ఇవి కూర్చుని ఎదురుచూసే రకం కాదే కల్యాణీ" అనేవాడు. "అచ్చం నీలాగే. ఎక్కడా నిలవవు, వెతుక్కుంటూ తిరుగుతాయి."

నన్ను దేనితోనన్నా మెచ్చుకుంటూ పోల్చిన మొదటి మనిషి మా మావయ్యే. పోల్చింది సాలీడుతో అయినా నాకు గర్వంగానే ఉండేది. ఆయన దగ్గర నాలుగు మడతలు పెట్టిన జిరాక్సు కాగితం ఒకటి ఉండేది. ఉత్తర అమెరికాలో ఎక్కడో అడవి నేలమీద దొరికిన ఒక చిన్న సాలీడు బొమ్మ అది. కళ్ళు విడిగా, కాళ్ళు విడిగా, పొట్ట చివర పక్కపక్కన రెండు గొట్టాలు విడిగా గీశారు. ఆ జాతిలో ఆడదాన్ని తప్ప మగదాన్ని ఎవరూ చూడలేదట, అది ఏం తింటుందో, ఎన్నాళ్ళు బతుకుతుందో ఎవరికీ తెలియదట. దాన్ని గురించి ప్రపంచంలో ఉన్నదల్లా ఆ ఒక్క పేజీ.

"ఒక్క పేజీయేనా మావయ్యా?" అన్నాను.

"దానికి ఒక్క పేజీ అయినా ఉందే. మన పెరట్లో తిరిగేవాటికి అదీ లేదు."

ఆ మాట తర్వాత నేను మా పెరట్లో తిరగెయ్యని రాయి లేదు. అవతలింటి గడ్డివామి చుట్టూ, బావి చప్టా చుట్టూ, బట్టలుతికే బండ కిందా, అన్నిచోట్లా వెతికాను. తేళ్ళు దొరికాయి, జెర్రులు దొరికాయి, అమ్మ చేత దెబ్బలు దొరికాయి. ఐదో తరగతిలో ఉండగా, అట్లతద్దికి వారం ముందు, స్నానాలగది కట్టగా మిగిలిన ఇటుకల కుప్పలో అడుగునున్న ఇటుక తిప్పితే, దాని పొట్టకి అంటుకుని ఉల్లిపొరలాంటి తెల్లటి పట్టు సంచీ కనబడింది. అందులో చొక్కా గుండీ అంత బల్లపరుపు గుడ్ల సంచి, దానిమీద కాళ్ళు చాపుకుని బూడిదరంగు సాలీడు. నేను పరుగెత్తలేదు, కదల్లేదు. అదృష్టంకొద్దీ ఆ శనివారమే మావయ్య వచ్చాడు. ఇటుక దగ్గర బాసింపట్టు వేసుక్కూచుని భూతద్దంలోంచి ఎంతసేపు చూశాడో! లేచేసరికి ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"వెనకాల ఆ రెండు గొట్టాలూ చూశావా? ఆ అమెరికా దానికి చుట్టమే ఇది. కానీ నా దగ్గరున్న ఏ పుస్తకంలోనూ ఇది లేదే."

గుడ్లతో సహా దాన్ని నెమ్మదిగా, మూతకి చిల్లులు పెట్టిన పాత పచ్చడి సీసాలోకి మార్చాడు. బస్సు కుదుపులకి గుడ్లు పాడవుతాయని తనతో తీసుకెళ్ళలేదు. వచ్చే శనివారం సరైన పెట్టె తెస్తాననీ, అందాకా నీడలో ఉంచి, రోజూ దూదిమీద రెండు చుక్కల నీళ్ళు వెయ్యమనీ నాకు అప్పగించాడు. "మూత మాత్రం తియ్యకు" అని బస్సెక్కాక కిటికీలోంచి కూడా చెప్పాడు.

ఆ వారం నేను కుదురుగా ఉన్న వారం. స్కూలు నుంచి నేరుగా సీసా దగ్గరికే వచ్చేదాన్ని. నాంచారమ్మత్తకి చూపిద్దామని తీసుకెళ్తే, ఆవిడ పిండి గిన్నెమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంకోసారి దాన్ని నా పొయ్యి దరిదాపుల్లోకి తెచ్చావంటే ఊరుకోను, ఏమనుకున్నావో!" అంది.

ఆ ఏడు అట్లతద్ది శనివారం వచ్చింది. దానికి ముందురోజు సాయంత్రం మా వీధి ఆడపిల్లలందరికీ గోరింటాకు పెట్టేది నాంచారమ్మత్తే. పెరట్లో గోరింట కొమ్మలు దూసి, వక్కముక్కా కాస్త చింతపండూ వేసి, రుబ్బురోలులో మెత్తగా రుబ్బి, అరుగుమీద మమ్మల్ని వరసగా కూచోబెట్టి, అరచేతిలో చందమామా చుట్టూ చుక్కలూ పెట్టి, వేళ్ళకి టోపీల్లా తొడిగి, జారిపోకుండా గుడ్డపేలికలు కట్టేది. అవి కట్టాక ముక్కు దురదపెట్టినా గోక్కోలేం, నీళ్ళు కూడా ఎవరో పట్టాలి. నా రెండు చేతులూ అయ్యాక ఆవిడ పుణుకుల పని చూసుకోడానికి లోపలికెళ్ళింది. పక్కన టైలరు గారమ్మాయి సలీమా ఉంది. నా స్నేహితురాలే. దాని చేతులింకా ఖాళీగా ఉన్నాయి.

"ఏదీ, నీ అమెరికా సాలీడు చూపించవా?" అంది.

నేను చూపిస్తాననకూడదు. కానీ వారం రోజులుగా ఆ సీసా గొప్పలు దానికే చెబుతున్నాను. మా వాటాలోకి వెళ్ళి, సీసాని రెండు మోచేతుల మధ్య ఇరికించుకుని తెచ్చాను. మసకబారిన గాజులోంచి సరిగా కనబడటం లేదంది. "తియ్యవే, కొంచెం తియ్యి. అది గుడ్లు వదిలి రాదు" అన్నాను, నాకేదో అంతా తెలిసినట్టు. మూత తిరిగింది, సీసా నా మోచేతుల్లోంచి జారి అరుగుమీద పడి దొర్లింది, సలీమా కెవ్వుమంది. సాలీడు బయటికి దూకి ఒక్క క్షణం ఆగి, అరుగుమీద గీత గీసినట్టు పరుగెత్తి, గోడకి చేరవేసి ఉన్న నాంచారమ్మత్త చాప చుట్టలోకి దూరిపోయింది. చేతులకి పేలికలు కట్టి ఉన్న నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. గుడ్ల సంచి సీసాలోనే మిగిలింది.

నేను ఎవరికీ చెప్పలేదు. అత్తకి చెబితే తిడుతుంది. అమ్మకి చెబితే పొద్దున్నే వచ్చే మావయ్యకి చెప్పేస్తుంది. భోజనాలయ్యాక అత్త చాప దులిపి పరుచుకోవడం గుమ్మంలోంచి చూశాను. ఏమీ పడలేదు. వెళ్ళిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

అట్లతద్దికి ఇంకా చుక్కలుండగానే లేవాలి. గోరింటాకు కడుక్కుని, వేడన్నంలో గోంగూర పచ్చడీ, ఉల్లిపాయ పులుసూ, ఆఖర్న గడ్డపెరుగూ వేసుకుని తిని, తెల్లారేదాకా ఉయ్యాలలూగాలి. వీధి పిల్లలందర్నీ పేరుపేరునా పిలిచి లేపడం ప్రతి ఏడూ అత్త పని. ఆ రోజు ఆవిడ పిలుపు వినబడలేదు. మేమే లేచి అరుగుమీదికి వెళ్ళేసరికి, ఆవిడ చాపమీద కూచుని నడుం దగ్గర చీర తప్పించి చూసుకుంటోంది.

"ఏదో చురుక్కుమంది మాస్టారమ్మా, చీమ కుట్టినట్టు" అంది అమ్మతో.

అమ్మ లాంతరు దగ్గరపెట్టి చూసింది. వాపు లేదు, ఎరుపు లేదు. సూదిమొనతో గుచ్చినట్టు చిన్న గుర్తు, అంతే. ఇంటిగలావిడ, మేం మామ్మగారనే పెద్దావిడ, దుప్పటి కప్పుకుని వచ్చి వంగి చూసి, గొంతు తగ్గించి, "పురుగేమన్నా ముట్టిందేమోనమ్మా" అంది.

మా వైపు చీకట్లో పామునీ పురుగనే అంటారు, పేరు పెట్టి పిలవరు. ఆ మాటకి అందరి మొహాలూ మారిపోయాయి. నాన్న చెప్పులేసుకున్నాడు. అవనిగడ్డ ఆస్పత్రికి తీసుకెళ్దామంటే బండి ఎవరిని అడగాలి, రిక్షా అయితే ఎంతసేపు, అని మాటలు మొదలయ్యాయి. అత్త మొహంలో నేనెప్పుడూ చూడని బెదురు చూశాను. ఇక ఆగలేకపోయాను.

"పాము కాదు. నా సాలీడు! నిన్న సీసాలోంచి తప్పించుకుని అత్త చాపలోకి వెళ్ళింది. నేనే చెప్పలేదు" అని ఏడ్చేశాను.

ఒక్కసారిగా అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మామ్మగారైతే గట్టిగా నవ్వింది. అమ్మ నా వీపుమీద ఒక్కటి వేసి, "రాత్రే చెబితే ఏం పోయిందే!" అంది. నాన్న చెప్పులు విడిచాడు. అత్త నన్ను దగ్గరికి లాక్కుని, "అమెరికా నుంచి వచ్చి నన్నే కరిచిందటే నీ సాలీడు?" అని నవ్వుతూ, గుర్తుమీద సున్నం రాయించుకుని, మా అందరికీ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. చెప్పేశానన్న తేలికతో ఆ రోజు ఉయ్యాల నేనే ఎక్కువ ఊగాను. ఎంత ఎత్తుకి వెళ్ళానంటే, పైన ఉన్న క్షణంలో పొలాలవతల ఆకాశం తెల్లబడటం కనబడింది.

తిరిగొచ్చేసరికి అత్త పొయ్యి ముందు కూచుని ఉంది. సాయంత్రం అట్లకి పిండి కలుపుతూ కడుపులో నొప్పిగా ఉందంది. కళ్ళు సగం మూతపడుతున్నాయి. "నిద్రొస్తోందే అమ్మలూ" అంది, మాట కాస్త ముద్దగా. తెల్లారకముందే లేచింది కదా పాపం అంది అమ్మ. గరిటె ఆవిడ చేతిలోంచి జారిపడింది. తీసి ఇచ్చాను. మళ్ళీ జారింది. అప్పుడు అరుగుకీ వీధికీ మధ్య తిరగడం మొదలుపెట్టాను. ఎవరికి ఏం చెప్పాలో తెలియదు. చెప్పాల్సింది చెప్పేశాను కదా, మరి ఈ గాభరా ఎందుకో అర్థం కాలేదు.

మొదటి బస్సు హారన్ వినబడగానే పంచాయతీ ఆఫీసు దాకా పరుగెత్తాను. మావయ్య చంకలో కొత్త పెట్టె పెట్టుకుని దిగాడు. రొప్పుతూ, "మావయ్యా, సాలీడు పారిపోయింది, అత్తని కరిచింది, అత్తకి నిద్రొస్తోంది" అన్నాను. ఆయన నవ్వబోయి, ఆఖరి మాట విని ఆగిపోయాడు.

"నిద్రంటే?"

"కళ్ళు మూసుకుపోతున్నాయి. గరిటె పట్టుకోలేకపోతోంది."

ఆ పెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తాడు. అంత పొడుగు మనిషి వెనక పరుగెత్తలేక నేను చేరేసరికి, ఆయన అత్త ముందు మోకాళ్ళమీద కూచుని ఉన్నాడు.

"నాంచారమ్మక్కా, నా మొహంలోకి చూడండి. నాలిక బయటికి పెట్టండి. ఇవి ఎన్ని వేళ్ళు?"

అత్త తల వెనక్కి వాల్చి రెప్పల కిందనుంచి చూసింది. "నాలుగా తమ్ముడుగారూ?" అంది. ఆయన చూపించినవి రెండు. నాలిక పెదవి దాటి రాలేదు.

"ఇది సాలీడు పని కాదక్కా" అన్నాడు మావయ్య మా అమ్మతో. "ఏ నేల సాలీడూ మనిషినిట్లా చెయ్యదు. కట్లపాము. అది కరిస్తే నొప్పుండదు, వాపుండదు. బండి! ముందు బండి చూడండి! బందరు పెద్దాస్పత్రికే పోవాలి!"

ఊళ్ళో అప్పటికి కారు లేదు. చెరువులనుంచి రొయ్యలు పట్టుకెళ్ళే ఐసు వ్యాను ఒకటి రోడ్డుమీద ఆగి ఉంటే, నాన్న దానికి ఎదురుగా నిలబడ్డాడు. పెట్టెలు కిందికి దింపేసి, తడి చెక్కలమీద దుప్పటి పరిచి, ఆవిడని పక్కకి తిప్పి పడుకోబెట్టారు. నాన్నా మావయ్యా ఎక్కారు. నేనూ ఎక్కబోతే అమ్మ జబ్బ పట్టుకుని ఆపింది. అత్త కళ్ళు అప్పటికి పూర్తిగా మూసుకుపోయాయి. వ్యాను మలుపు తిరిగాక కూడా ఐసు నీళ్ళ చార రోడ్డుమీద కనబడుతూనే ఉంది.

ఆ తర్వాత మగవాళ్ళు కర్రలు తెచ్చి అత్త వాటా అంతా వెతికారు. పిండి డబ్బా వెనక, కట్టెల కింద, నల్లటి ఒంటిమీద తెల్లటి కట్లతో చుట్టచుట్టుకుని ఉంది పాము. దాన్ని చంపి వీధిలో పడేశారు. ఎవరో చాప కూడా ఎత్తి దులిపారు. దాని మడతలోంచి నా సాలీడు జారిపడింది. నేను "ఆగండి, ఆగండి" అని అరిచేలోపల చెప్పు పడింది. అది మావయ్య పుస్తకాల్లో లేని సాలీడు.

బందరులో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆస్పత్రి చేరేసరికి అత్తకి ఊపిరి అందడం లేదు. ఇంజెక్షన్లు ఇచ్చారు. అక్కడున్న ఒక్క ఊపిరి మిషనూ వేరే రోగికి పెట్టి ఉంది. డాక్టరుగారు అత్త గొంతులోకి గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, దాన్ని నొక్కుతూనే ఉండాలని మావయ్యకి నేర్పించారు. ఒక్క నొక్కుకి ఒక్క ఊపిరి. మావయ్యా నాన్నా మార్చి మార్చి నొక్కుతూ కూచున్నారు, ఆ రోజు, ఆ రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా. మావయ్య అరచేతులు బొబ్బలెక్కాయి. కాలేజీ నుంచి ఆయన శిష్యులు ఇద్దరు వచ్చి వాళ్ళూ నొక్కారు.

ఇక్కడ మాకు ఏ వార్తా లేదు. అట్లు పోసుకోలేదు, చందమామకి దణ్ణం పెట్టుకోలేదు. నేను ప్రతి బస్సుకీ ఎదురెళ్ళాను. పొద్దుట బస్సుకి, పదింటి బస్సుకి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళి డ్రైవర్లనీ కండక్టర్లనీ "బందరు నుంచి మా మావయ్య ఏమన్నా చెప్పి పంపించాడా?" అని అడిగాను. మధ్యలో ఎస్టీడీ బూత్ దగ్గరికి వెళ్ళి గాజు తలుపుకి ముక్కు ఆనించి నిలబడ్డాను. చేతులు చూసుకుంటే గోరింటాకు బాగా పండింది, ముందెప్పుడూ అంత ఎర్రగా పండలేదు. నూతి దగ్గర ఇటుకముక్క పెట్టి రుద్దాను, పోలేదు. సలీమా నా పక్కనే తిరిగింది. వాళ్ళ నాన్నగారు కుట్టుమిషను ఆపి రోడ్డుమీదికి వచ్చి, "ఎండలో తిరక్కమ్మా, ఖబురు రాగానే నేనే వచ్చి చెప్తాను" అన్నారు. నేను వినలేదు. ఆదివారం సాయంత్రం ఆఖరి బస్సు కండక్టరు బస్సు ఆపకముందే ఫుట్‌బోర్డుమీంచి అరిచాడు: "పాపా, మీ అత్త కళ్ళు తెరిచిందట!" అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

పన్నెండు రోజులకి అత్త ఇంటికి వచ్చింది. చిక్కిపోయి, గొంతు గరగరమంటూ. అందరూ చూడబోయారు, నేను వెళ్ళలేదు. గోడ ఇవతల కూచుని ఆవిడ గొంతు విన్నాను. మూడోరోజు ఆవిడే గోడ పట్టుకుంటూ మా వాటాలోకి వచ్చి నా పక్కన కూచుంది.

"నాకంతా వినబడుతూనే ఉందే అమ్మలూ" అంది. "కళ్ళు తెరవలేను, వేలు కదపలేను, కానీ మీ మావయ్య లెక్కపెట్టడం వినబడుతోంది. ఒకటి, రెండు, మూడు అంటూ. మధ్యలో నిద్రకి జోగి నలభై తర్వాత మళ్ళీ ముప్పై అన్నాడు. తప్పు తమ్ముడుగారూ అందామంటే నోరు రాదే!"

నేను నవ్వలేదు. "నేను సాలీడని చెప్పకపోతే అప్పుడే తీసుకెళ్ళేవాళ్ళు" అన్నాను.

ఆవిడ నా అరచెయ్యి తిప్పి చూసింది. "నిన్ను నమ్మింది ఎవరే? నేను కాదూ! ఈ వయసుకి ఎన్ని చూశాను నేను? పామేమోనని నా లోపల నాకు తోస్తూనే ఉంది. పామంటే భయం. సాలీడని నువ్వనగానే దాన్ని పట్టేసుకున్నాను. నువ్వు కాకపోతే ఎలకని ఎవరన్నా అనుంటే ఎలకే అనుకునేదాన్ని."

ఆ మాటతో నా బరువు దిగిపోయిందని రాయాలని ఉంది. దిగలేదు. కానీ ఆ రోజు నుంచి మళ్ళీ అరుగు చివర కూచోగలిగాను.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. సీసాలో మిగిలిన గుడ్లు ఆ నెలలోనే పగిలి, మిరియపు పొడి చల్లినట్టు పిల్లలు బయటికొచ్చాయి. "మరి ఇవి ఉన్నాయిగా మావయ్యా!" అని ఎగిరాను. "పెద్దవయ్యేదాకా వీటిని ఎవరూ పోల్చలేరే. అన్నాళ్ళు సీసాలో బతకవు" అన్నాడు. ఇద్దరం కలిసి ఇటుకల కుప్పమీద మూత తీసి పెట్టాం. ఒక్కొక్కటే బయటికి వచ్చి, తలో దిక్కుకీ పోయాయి. ఆ తర్వాత మేమక్కడున్న రెండేళ్ళూ వచ్చినప్పుడల్లా ఆ ఇటుకలు తిప్పి చూసేవాడు. అలాంటిది మళ్ళీ దొరకలేదు. ఆయన రీసెర్చి కూడా అక్కడితోనే పక్కకి పోయింది. శనివారాలు సీసాల సంచికి బదులు పాముల బొమ్మలున్న అట్టలు పట్టుకుని కోడూరు, నాగాయలంక, కృత్తివెన్ను వైపు స్కూళ్ళన్నీ తిరిగేవాడు. నేలమీద పడుకోవద్దని, దోమతెర పరుపు కిందికి మడవమని, నొప్పి లేకపోయినా ఆస్పత్రికి పొమ్మని చెప్పేవాడు. అదే ఆతృత, అదే నడక. దాని వల్ల బతికినవాళ్ళున్నారు. డాక్టరేటు మాత్రం ఆయన పేరు ముందు చేరలేదు. ఆయన సాలీళ్ళ సీసాల్లో స్పిరిట్ ఆరిపోయి, కాలేజీ గది ఖాళీ చేసినప్పుడు ఎవరో బయట పారేశారట. ఆ సంగతి ఆయన నాకు వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మేమున్న పెంకుటిల్లు లేదు. దాని వెనక పొలాలు ఇల్లు పోకముందే రొయ్యల చెరువులయ్యాయి. గట్లకి నల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచారు, మోటార్లు నీళ్ళని చిలుకుతూ ఉంటాయి. మినుములు చల్లేవాళ్ళు లేరు. గడ్డివాములు లేవు. గోరింటాకు కోన్లలో వస్తోంది, పది నిమిషాల్లో పండుతుంది, చేతులకి పేలికలు కట్టుకుని కూచునే అవసరం ఏ పిల్లకీ లేదు. ఆ బూడిదరంగు సాలీడు ఇంకా ఎక్కడన్నా ఉందో, అసలు లేకుండానే పోయిందో చెప్పగలిగినవాళ్ళు లేరు. వెతికింది ఒక్క మనిషి, ఆయనా మానేశాడు.

పోయిన నెలలో నాంచారమ్మత్త కంటి పరీక్షకని విజయవాడలో మా ఇంటికి వచ్చింది. అరవై దాటింది. పాతికేళ్ళకి పైగా మంచంమీద, దోమతెరలోనే పడుకుంటోందట. మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఆవిడ కోసం దుప్పటి పరిచిన మంచం వైపు చూసి, తలుపు బార్లా తీసి ఉన్న హాల్లో చల్లటి గచ్చుమీద చెంగు పరుచుకుంది.

"అత్తా, మంచముందిగా."

"మూడో అంతస్తులో పురుగేముంటుందే? ఎన్నాళ్ళయిందో వీపుకి నేల తగిలి" అంది, అంటూనే నిద్రపోయింది.

నేను కుర్చీ తెచ్చుకుని పక్కన కూచున్నాను. వంటింట్లో గిన్నెలు అలాగే ఉన్నాయి, ఫోను రెండుసార్లు మోగింది. లేవలేదు. ఆవిడ పొట్ట పైకి లేచి కిందికి దిగడం, మూసిన రెప్పల కింద కనుగుడ్లు అప్పుడప్పుడూ కదలడం చూస్తూ కూచున్నాను. గంట తర్వాత ఆవిడ కళ్ళు తెరిచింది, రెండూ పూర్తిగా.

"ఏమిటే, అట్లా చూస్తున్నావు?"

"ఏం లేదత్తా. టీ పెట్టనా?" అన్నాను.